చీటీ లేకుండా కదిలిన కట్టలు

మా ఇంట్లో బీరువా పై అరలో ఒక ప్రశంసాపత్రం ఉంది. పోయిన పాత ప్రభుత్వ దస్త్రాలను తిరిగి రాబట్టడంలో నేను చూపిన చొరవకు మెచ్చి ఇచ్చారని దాని మీద రాసి ఉంటుంది. ఒక పంద్రాగస్టు నాడు శాలువాతో పాటు ఇచ్చారు. అందులో నా పేరు తప్ప నిజమైన మాట ఒక్కటీ లేదు. దస్త్రాలు పోలేదు. నేను రాబట్టలేదు. చొరవ చూపించిన మనిషి వేరే ఉన్నాడు. ఆయన్ను మేము దొంగ అన్నాం.

ప్రభుత్వ కార్యాలయాల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నీతులు చెప్పే అర్హత నాకు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడం ఒక్కటే మిగిలింది. అదీ చాలా ఆలస్యంగా చెప్తున్నాను.

కర్నూల్లో ఒక పాత కార్యాలయం రికార్డు రూముకు నన్ను మార్చినప్పుడు నాకు నలభై ఇంకా రాలేదు. రికార్డు రూము అంటే మావాళ్ళ లెక్కలో శిక్ష కిందే జమ. పైన ఎవరికో కోపం వస్తే తప్ప ఎవర్నీ అక్కడికి పంపరు. మొదటి రోజు మొహం వేలాడేసుకుని వెళ్తే, తలుపు తీసిన అటెండరు నన్ను పైనుంచి కిందికి చూశాడు. యాభై దాటిన మనిషి. రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చి పాతికేళ్ళుగా ఆ గదిలోనే ఉన్నాడు. ఆఫీసులో అందరూ పెద్దాయన అనేవాళ్ళు.

"ఈడికి వచ్చేటోళ్ళు రెండు రకాలు సార్" అన్నాడు. "తప్పు చేసినోళ్ళు, తప్పు చేసేది చేతకానోళ్ళు. మీరు యా రకం?"

"రెండో రకం" అన్నాను.

"అట్లైతే కూచోండి. టీ తెస్తా."

అప్పుడు నవ్వుకున్నాను. నేను యా రకమో ఆయనకు తర్వాత తెలిసింది.

ఆ గది పని నాకు నేర్పింది ఆయనే. ఎర్ర గుడ్డలో కట్టిన పాత రిజిస్టర్లు నేల నుంచి కప్పు దాకా ఇనప ర్యాకుల్లో ఉండేవి. ఏ కట్టలో నుంచి ఏ కాగితం బయటికి తీసినా దాని స్థానంలో ఒక చీటీ పెట్టాలి. ఎవరు తీశారు, ఎవరు చెప్తే తీశారు, ఎందుకు తీశారు, అంతే. కాగితం తిరిగి వచ్చిన రోజు చీటీ చింపెయ్యాలి. పై అధికారి వచ్చి అడిగినా సరే, చీటీ రాయందే పెద్దాయన కాగితం ఇచ్చేవాడు కాదు. ఒకసారి నేనే విసుక్కున్నాను.

"చీటీ లేకుండా కదిలిందంటే అది కాగితం కాదు సార్, మాట. మాటను యాడని ఎతుకుతాం?" అన్నాడు.

ఆయనకు ప్రాణమైనవి కిటికీ పక్కన కింది అరల్లో ఉన్న కరువు పనుల హాజరు పట్టీలు. ముత్తాతల కాలంలో పెద్ద కరువు వచ్చినప్పుడు చెరువు కట్టలు వేయించి, దారులు పోయించి, పనికి వచ్చినవాళ్ళకు గింజలు కొలిచేవారు. ఏ రోజు ఎవరు పనికి వచ్చారో రాసిన పట్టీలవి. ఊరి పేరు, మనిషి పేరు. ఫలానావాని భార్య. ఫలానావాని కూతురు, వయసు ఏడు. పేరుకు ఎదురుగా రోజుకొక గీత. గీత లేనిచోట 'రాలేదు' అని ఉంటుంది. కొన్ని పేర్ల ఎదురుగా వరసగా రాలేదు, రాలేదు, రాలేదు అని ఉండి, తర్వాతి పేజీలో ఆ పేరే ఉండదు.

మధ్యాహ్నం సద్ది తిన్నాక పెద్దాయన ఒక పట్టీ విప్పుకుని కూర్చునేవాడు. "ఈయమ్మ బేస్తవారం నించి రాలేదు సార్" అనేవాడు, నిన్నటి సంగతిలాగా. "ఏమైందో ఏమో. చిన్నపాప మాత్రం వచ్చింది చూడండి, శనివారం దాకా."

నేను ఊ కొట్టి పేపరు తిరగేసుకునేవాణ్ణి.

తర్వాత వరద వచ్చింది. తుంగభద్ర, హంద్రి కలిసి ఊరి మీద పడిన ఆ రోజుల గురించి కర్నూలు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. మా ఇంట్లోనూ నడుము లోతు నీళ్ళు. నా భార్యా పిల్లలూ మూడు రోజులు ఎదురింటి మిద్దె మీద ఉన్నారు. ఇది సాకుగా చెప్పడం లేదు. పెద్దాయన అద్దె గది పూర్తిగా కొట్టుకుపోయింది. అయినా నాకంటే ముందే ఆయన ఆఫీసులో ఉన్నాడు.

నీళ్ళు తీశాక రికార్డు రూము తలుపు తెరిస్తే వాసనకు ముక్కుకు రుమాలు కట్టుకున్నాను. కింది రెండు అరల్లో కట్టలు నాని, ఉబ్బి, ర్యాకుల్లో ఇరుక్కుపోయి ఉన్నాయి. పైనుంచి ఆదేశం వచ్చింది. రెండు రోజుల్లో గది ఖాళీ చేయాలి, సాయంగా వచ్చే బియ్యం మూటలు అక్కడ పెట్టాలి, నాశనమైన దస్త్రాల జాబితా పంపాలి.

పెద్దాయన ఒక కట్టను గడ్డపారతో మెల్లగా బయటికి లాగి, ఒళ్ళో పెట్టుకుని విప్పాడు.

"సారూ, ఈడ చూడండి. పైన బురద. లోపల కాగితం బతికే ఉండాది. నీడన ఆరబెడితే నిలుస్తాది."

"ఎన్ని కట్టలున్నాయో చూసినావా అన్నా? ఎవరు ఆరబెడతారు? యాడ ఆరబెడతారు?"

"మా ఊరోళ్ళు ఈడికి దుప్పట్లు, చిత్రాన్నం పొట్లాలు ఏస్కోని లారీలో వచ్చినారు. రేపు ఖాళీగా పోతాది ఆ లారీ. మా తమ్మునికి పట్టుపురుగుల షెడ్డు ఉండాది. నేను తీస్కపోతా. ఆరినాక తెస్తా."

"తీస్కపో అన్నా. యాడికన్నా తీస్కపో. నాకు రూము ఖాళీ కావల్ల."

ఆయన గూట్లోంచి చీటీల పుస్తకం తీశాడు. అది తడిసి ముద్దైంది. ఒక్క కాగితం ఊడదీయడానికి గోటితో గీకుతూ, "చీటీ రాద్దామా సార్?" అన్నాడు.

నేను నవ్వాను. నిజంగా నవ్వాను. "ఈ బురదలో చీటీ యాడ పెట్టేదన్నా? నిన్నెవరు అడుగుతారు?"

మర్నాడు లారీ పోయింది. ఆ సాయంత్రం కుర్చీలో కూర్చుని జాబితా రాశాను. కింది రెండు అరల్లో ఏమున్నాయో పాత రిజిస్టరు చూసి ఎక్కించి, ఒక్కో దాని ఎదురుగా 'వరదలో పూర్తిగా నాశనం' అని రాసుకుంటూ పోయాను. ఒక్క కట్ట కూడా విప్పి చూడలేదు. చివర సంతకం పెట్టాను. మంచి సంతకమే పెట్టాను.

ఏడాది తిరక్కుండా పెద్దాయన రెండు కట్టలు సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. విప్పి బల్ల మీద పరిచాడు. నమ్మలేకపోయాను. పేజీకి పేజీ విడివడి ఉంది. చిరిగిన చోట సన్నటి కాగితం అతుకు వేసి ఉంది. నీటి మరక తప్ప అక్షరం పోలేదు.

"ఎట్ల చేసినావన్నా?"

ఆయన చెప్పాడు. పట్టుపురుగులు గూడు కట్టడానికి వెదురుబద్దలతో అల్లిన చంద్రికలు ఉంటాయి కదా, పంటకూ పంటకూ మధ్య అవి ఖాళీగా ఉంటాయి. వాటి మీద పాత వార్తాపత్రికలు పరిచి, ఈనె పుల్లతో ఒక్కో పేజీ విడదీసి, పైన మరో పత్రిక కప్పి, షెడ్డు నీడలో గోడకు ఆనించేవాడట. నలువైపులా గాలి. ఎండ తగిలితే కాగితం పెళుసెక్కుతుంది, నేల తగిలితే చెమ్మ లాగుతుంది. "పురుగును సాకినోళ్ళకు కాగితాన్ని సాకేది శానా సులువు సార్" అన్నాడు. "మా ఆడమనిషి నాకన్నా బాగా ఇడదీస్తాది."

నేను సంతోషపడాలి కదా. నాకు భయం వేసింది.

"అన్నా, ఇవి నాశనమైనట్టు రాసేసినాం. పైన ఆమోదం కూడా అయిపోయింది. ఇప్పుడు లోపల పెడితే నా జాబితా తప్పవుతుంది."

"బతికినాయి కదా సార్?"

"బతికినాయి. కాగితం మీద మాత్రం చచ్చిపోయినాయి. ప్రస్తుతానికి నీ దగ్గరే ఉండనీ. చూద్దాం."

ఆయన రెండు కట్టలూ మళ్ళీ గుడ్డలో చుట్టి, మడత నలక్కుండా సంచిలో పెట్టుకుని, రాయచోటి బస్సెక్కాడు. మరుసటి ఏడాది రిటైరై ఊరికి వెళ్ళిపోయాడు. నేను చూడలేదు. చూద్దాం అన్న మాట మా ఉద్యోగాల్లో ఎంత లోతు బావో మీకూ తెలుస్తుంది.

అయిదారేళ్ళు గడిచాయి. కడపలో చదువుకునే ఒక విద్యార్థి కరువుల మీద ఏదో రాస్తూ ఆ పల్లెకు వెళ్ళాడు. పెద్దాయన దాచుకోవాల్సింది ఏముంది? పట్టీలు చూపించాడు. ఆ అబ్బాయి ఫొటోలు తీసి ఫోన్లో నలుగురికీ పంపాడు. పేజీ మూలన మా కార్యాలయం ముద్ర కనిపిస్తోంది. పాత రికార్డులను శాశ్వతంగా భద్రపరిచే ప్రభుత్వ భాండాగారం వాళ్ళు ఆ ఫొటో చూసి మా పై అధికారికి ఉత్తరం రాశారు. నాశనమైందని మీరు చెప్పిన రికార్డు ఒక పల్లెటూరి ఇంట్లో ఎలా ఉంది అని.

పై అధికారి నన్ను పిలిచి తలుపు వేయించాడు. "నీ జాబితా తప్పా, ఆ ముసలాయన దొంగా? రెండిట్లో ఒకటే నిజం. సాయంత్రం లోపల తేల్చి చెప్పు."

సాయంత్రం దాకా పట్టలేదు. అయిదు నిమిషాల్లో చెప్పాను.

"జాబితా రాసే ముందే ఎత్తుకుపోయి ఉంటాడు సార్."

కట్టలను గుర్తుపట్టడానికి నేనే ఉండాలని పై అధికారితో, ఆఫీసువాళ్ళతో పాటు నన్నూ జీపులో తీసుకెళ్ళారు. రాయచోటి దాటాక బండల దారి. మేము దిగేసరికి పెద్దాయన అరుగు మీద కూర్చుని ఎవరికో అర్జీ రాసి పెడుతున్నాడు. నన్ను చూసి మొహం వెలిగిపోయింది.

"వచ్చినారా సార్! తీస్కపోనీకి వచ్చినారా? నేను అనుకుంటానే ఉన్నా, సార్ మర్సిపోడు అని. మేయ్, సార్ వచ్చినాడు, మజ్జిగ తే" అని లోపలికి కేకేశాడు. అప్పుడు జీపులోంచి కానిస్టేబులు దిగాడు.

పై అధికారి అడిగాడు. "ఇవి ఇక్కడికి ఎవరి అనుమతితో వచ్చాయి?"

"ఈ సారే చెప్పినాడు సార్. వరదలో. ఆయన్నే అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. ఆయన భార్య మజ్జిగ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడి ఉంది. చుట్టుపక్కల వాళ్ళు గోడల మీంచి చూస్తున్నారు.

"నాకు గుర్తు లేదు సార్" అన్నాను.

పెద్దాయన చేతిలోని అర్జీ కింద పెట్టాడు. తర్వాత మా అధికారి వైపు తిరిగి, నన్ను వెనకేసుకొస్తున్నట్టుగా అన్నాడు. "ఆ పొద్దు శానా బురద సార్. ఆయన ఇంట్లో గూడా నీళ్ళు వచ్చిండె. గుర్తుండకపోవచ్చు."

నన్ను ఆయన తిట్టి ఉంటే ఈ పాటికి నేను మర్చిపోయి ఉండేవాణ్ణేమో.

ఇనప పెట్టెల్లోంచి కట్టలు తీసి మావాళ్ళు జీపులో పడేస్తుంటే ఆయన చూస్తూ ఉండలేకపోయాడు. "అట్ల కడితే దారిలో ఊడిపోతాది, ఇట్లియ్యండి" అని తీసుకుని, ఒక్కో కట్టకూ తనే గుడ్డ బిగించి, రికార్డు రూము ముడి వేసి ఇచ్చాడు. దొంగ సొత్తని రాసిన పంచనామా మీద సంతకం పెట్టమంటే పెట్టాడు. షెడ్డు గోడకు చంద్రికలు ఆనించి ఉన్నాయి. వాటి మీద వార్తాపత్రికలు కప్పి ఉన్నాయి. నేను చూశాను. పత్రిక ఎత్తి చూడాలని తోచలేదు. తొందరగా ఆ ఊరు దాటిపోవాలని తప్ప నాకేమీ తోచలేదు.

కేసు నాలుగేళ్ళు నడిచి, సాక్ష్యం చాలదని మూతపడింది. దొంగ అని తేలలేదు. దొంగ కాదని కూడా ఎవరూ చెప్పలేదు. పట్టీలు భాండాగారానికి వెళ్ళాయి. అద్దాల బల్లలో పెట్టి, దొంగతనానికి గురై తిరిగి స్వాధీనమైన రికార్డులని పలక తగిలించారు. నాకు శాలువా వచ్చింది.

పోయినేడాది ఏదో పని మీద భాండాగారానికి వెళ్తే, అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి నన్ను ఆపింది. వీటిని రాబట్టింది మీరేనటగా అంది. అద్దాల బల్ల తెరిచి ఒక పేజీ నా ముందు పెట్టింది.

"ఈ అతుకులు చూడండి సార్. చిరుగు ఎంత ఉందో అంతే వేశారు. మా దగ్గర శిక్షణ పొందినవాళ్ళు కూడా ఇంత సన్నగా వేయలేరు. దొంగతనం చేసినవాడు ఇంత కష్టం ఎందుకు పడతాడు సార్?"

నేను తెలియదన్నాను.

"ఇంకోటి. పేజీ నంబర్లు మధ్యలో తెగిపోయాయి. ఒక ఊరు మొత్తం లేదు. అవి యాడ పోయుంటాయి?" తనది ఆళ్ళగడ్డ వైపు. అప్పటిదాకా పుస్తకం భాష మాట్లాడిన పిల్ల ఆ ఒక్క మాట ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. బాగానే పట్టింది. తెల్లవారి లేచాక మాత్రం, గోడకు ఆనించిన చంద్రికలు, వాటి మీద వార్తాపత్రికలు కళ్ళముందు నిలబడ్డాయి. కడప బస్సెక్కి, అక్కడ దిగి రాయచోటి బస్సెక్కి, ఆటోలో ఆ పల్లెకు వెళ్ళాను.

అరుగు మీద పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది మసక. "ఎవురప్పా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది. ఆమె కళ్ళకు ఏ మసకా లేదు.

"ఆ పొద్దు జీపు నిండా వచ్చినారు. ఈ పొద్దు ఒక్కరే వచ్చినారే? కానిస్టేబులుకు ఒళ్ళు బాగలేదా?"

"ఉండుమేయ్" అన్నాడాయన. "సారేనా?"

నేను అరుగు కింద నిలబడే చెప్పాను. దారి పొడవునా అనుకున్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. "గుర్తుందన్నా. ఆ పొద్దు కూడా గుర్తుండింది."

ఆయన తల ఊపాడు. "తెల్సులేప్పా. కూచో."

సార్ అనకుండా అప్పా అన్నాడు. అరుగు మీద కూర్చున్నాను. ఆమె మాత్రం కూర్చోలేదు. "ఈయప్ప మీకు మళ్ళా మజ్జిగ ఇమ్మంటాడు, ఇస్తా. దానికన్నా ముందు ఒక మాట వినండి. ఈ వాకిట్లో దినానికి పదిమంది ఉండేటోళ్ళు. అర్జీ రాయించుకోనీకి, పాసుబుక్కు సదివించుకోనీకి, రిజిస్టరు కాగితం దాపెట్టమనీ వచ్చేటోళ్ళు. మీ జీపు వచ్చిపోయిన పొద్దు నించి ఈ ఊర్లో ఎవురూ ఈయప్ప చేతికి కాగితం ఇయ్యలే. ఒక్కరు గూడా."

పెద్దాయన ఆ మాట పట్టించుకోనట్టే లేచి, గోడ పట్టుకుంటూ షెడ్డులోకి వెళ్ళాడు. ఒక కట్టతో వచ్చాడు. ఎర్ర గుడ్డ దొరకలేదేమో, భార్య పాత చీర ముక్కలో కట్టి ఉంది. ముడి మాత్రం అదే.

"ఇవి శానా అతుక్కపోయిండె, మళ్ళా రోంత తడిపి ఇడదీసినాం. ఆ పొద్దు చంద్రికల మీద ఆరతాండె. మీరు ఎత్తి చూడలే. తర్వాత తెస్తామంటే భయమాయె. మళ్ళా దొంగ సొత్తు అంటారేమో అని." విప్పకుండానే పైన చెయ్యి ఆనించాడు. "ఒక ఊరు మొత్తం దీంట్లోనే ఉండాది. ఒకసారి పోయినోళ్ళు. మళ్ళా పోగొట్టేదేల?"

నేను చేతులు చాచాను. ఆయన ఇవ్వలేదు.

"చీటీ?" అన్నాడు.

జేబులో ఉన్న చిన్న పుస్తకంలోంచి కాగితం చించాను. మోకాలి మీద పెట్టుకుని రాశాను, అక్షరాలు వంకర పోయాయి. ఎవరు తీశారు: వరదలో ఈయన. ఎవరు చెప్తే: నేను. ఎందుకు: ఆరబెట్టి కాపాడడానికి. కింద ఇంకో వాక్యం రాశాను. ఆనాడు చీటీ అడిగితే నేనే ఇవ్వలేదు, తిరిగి తెస్తే నేనే తీసుకోలేదు, అడిగినప్పుడు నేనే అబద్ధం చెప్పాను. సంతకం పెట్టి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని మంచి కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. చదవలేకపోయాడో, చదివి చాల్లేదో, తిరిగి నాకిచ్చాడు. "రోంత గట్టిగా సదువు సార్."

చదివాను.

"ఇంకా గట్టిగా" అంది ఆమె గడపలోంచి. "మూలింటోళ్ళకు చెవుడు."

లేచి నిలబడి చదివాను. ఆఫీసు మీటింగుల్లో కూడా ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. గోడల మీద ఒక తల, రెండు తలలు లేచాయి. ఎవరో ఒకాయన బజార్లో ఆగి, మొదట్నించి చదవమన్నాడు. మూడోసారి చదివాను. అయిపోయాక ఆమె లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది. అందులో ఉప్పు ఎక్కువైంది. నేను చెప్పలేదు.

కట్ట నా ఒళ్ళో పెట్టుకునే కర్నూలు దాకా వచ్చాను. మర్నాడు అవే మాటలు వాంగ్మూలంగా రాసి కార్యాలయంలో ఇచ్చాను. విచారణ నడుస్తోంది. ప్రశంసాపత్రం తిరిగి ఇచ్చేస్తానంటే తీసుకునే ఏర్పాటు లేదట, అందుకే ఇంకా మా బీరువాలో ఉంది. నేను ముందుగానే ఉద్యోగం వదిలేశాను. పోయిన నెల ఫోన్ చేస్తే పెద్దాయన ఎక్కువసేపు మాట్లాడలేదు. "పనిలో ఉండా సార్, మూలింటాయన పాసుబుక్కు తెచ్చినాడు" అన్నాడు.

భాండాగారంలో పలక మార్చారు. ఆ అమ్మాయి కట్టను వరసలో సర్ది, అవే మాటలతో నేను రాసిచ్చిన ఇంకో చీటీ చేతిలో పట్టుకుని అడిగింది. "కాగితం తిరిగొస్తే చీటీ చింపెయ్యాలి కదా సార్, చింపేదా?"

చింపొద్దన్నాను. అది ఆ పేజీల మధ్యే ఉంది. ఈ వ్యాసంలో నేను ఎవరి పేరూ రాయలేదు. మీలో ఎవరైనా అటు వెళ్తే, ఆ కట్ట అడిగి తీయించుకోండి. చీటీ మీద రెండు పేర్లున్నాయి. తీసేముందు మీరూ ఒక చీటీ రాసి పెట్టండి.